గోడకు తాడు అక్కర్లేదు

రండి, ఇలా నా చుట్టూ చేరండి. చేతిలో పనుంటే అది కూడా తెచ్చుకోండి, చేస్తూ వినొచ్చు. ఆ వెనకాల కూర్చున్నావిడా, నువ్వూ ముందుకు జరుగు, నా గొంతు అంత దూరం రాదు. ఇది ఒక తాడు కథ. ఒక తాడు, ఒక గోడ, ఒక అత్తా కోడలూ. మధ్యలో కాసిన్ని లెక్కలొస్తాయి. లెక్కలనగానే మొహాలు అలా పెట్టకండి, గుడ్డముక్కలతో చేసిన లెక్కలే.

ఆ ఊళ్ళో రేకుల కప్పు కింద పెద్ద బజారుండేది. నేలంతా నున్నటి సిమెంటు. బట్టలవాళ్ళు, గిన్నెలవాళ్ళు, తాళాలు బాగుచేసేవాళ్ళు, అద్దాలు కోసేవాళ్ళు, అందరూ ఆ నేలమీదే. ఎవరి చోటు ఎంతా అనడానికి అక్కడొక పద్ధతి. ఏడాదికోసారి బజారంతా ఖాళీ చేసి నేల కడిగేవాళ్ళు. ఆరాక బజారు పెద్ద వచ్చి మనిషికో తాడు ఇచ్చేవాడు. అందరికీ ఒకే కొలత, ఇరవై నాలుగు మూరలు. నాలుగు మూలలు వచ్చేలా దాన్ని నేలమీద పరుచుకోవాలి. గుండ్రాలూ వంకర్లూ పనికిరావు. తాడు లోపల ఉన్నదంతా వాళ్ళది. తాడు పక్కనే తెల్లరంగు గీత పడిందంటే ఏడాదిదాకా దాన్ని ఎవరూ చెరపకూడదు. అందుకే ఆయన్ని అందరూ తాళ్ళాయన అనేవాళ్ళు.

ఎవరు నేర్పారో ఏమో, బజారులో పుట్టి పెరిగినవాళ్ళందరికీ ఒకటే తెలుసు. తాడుని నాలుగు మడతలు వెయ్యాలి, ఒక్కో మడతా ఒక్కో వైపు పరవాలి. చదరం. చదరంలో పట్టినంత నేల ఇంకెందులోనూ పట్టదు. అది నిజం కూడాను. కాబట్టి బజారంతా ఆరు మూరల చదరాలే, పలకమీద గళ్ళు గీసినట్టు.

అలాంటి ఒక చదరంలో, వాకిలి పక్క మూలమీద, బొంతలమ్మ కూర్చునేది. పాత బట్టల ముక్కలు అతికి బొంతలు కుట్టేది. మధ్యలో కొయ్య చట్రం, నాలుగు మూరల పొడుగూ వెడల్పూ. చుట్టూ కూర్చుని కుట్టడానికి మూరెడేసి జాగా. దాంతో చోటు సరి. ఇంక చెప్పులు విడవడానికి కూడా జాగా ఉండేది కాదు, అవి చట్రం కిందే.

ఆ ఏడు తాడు రోజుకి రెండు రోజుల ముందు బొంతలమ్మ బజారునించి ఇంటికొచ్చిన తీరు చూసి, గదిలో బట్టలు మడత పెడుతున్న కోడలు గబుక్కున లేచి నిలబడింది. అత్తగారు సంచీని మంచమ్మీదకి విసిరింది. సంచీ తప్పిపోయి కింద పడింది. దానిమీద కూడా కోపం వచ్చింది ఆవిడకి.

"నన్ను గోడకి తోశాడే తాళ్ళాయన!"

"అయ్యో, దెబ్బ తగిలిందా అత్తయ్యా?"

"ఆ తోయడం కాదే పిచ్చిదానా. నా మూల గిన్నెలాయనకి ఇచ్చాడు. ఆయన దగ్గరకి జనం ఎక్కువ వస్తారట, వాకిట్లో చప్పుడుంటే బజారుకి కళట. గిన్నెలు మోగితే కళ, సూది మోగదుగా! నాకు వెనకాల గోడ పక్కన ఇచ్చాడు. 'బొంత కావలసినవాళ్ళు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తారమ్మా' అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది."

కోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అత్తగారు గ్లాసు అందుకుని, తాగకుండా, దాంతోనే చూపిస్తూ మాట్లాడింది. నీళ్ళు సగం నేలపాలయ్యాయి.

"ఇంక మీ అమ్మ సంగతేమిటి? ఈ ఏడు ఎలాగైనా రెండో చట్రం వేద్దాం, వదినా నేనూ పక్కపక్కన కూర్చుని కుట్టుకుందాం అని మాటిచ్చానా? వాకిట్లో అయితే తాళ్ళాయన్ని బతిమాలి పక్కకి ఓ రెండు మూరలు జరిగేదాన్ని. ఇప్పుడు ఆ మొహం చూసి ఏం బతిమాలను?"

కోడలి తల్లి రెండు వీధుల అవతల ఒంటి గదిలో ఉండేది. ఆవిడ కూడా బొంతలే కుట్టేది, చట్రం లేక మోకాళ్ళమీద పరుచుకుని. వియ్యపురాళ్ళిద్దరికీ ఒకరిమీద ఒకరికి ఎంత ఇష్టమో అంత ఎగతాళి. బజారులో చోటు దొరికితే రోజంతా మాట్లాడుకోవచ్చని ఇద్దరూ ఏడాదినించీ కాచుకుని ఉన్నారు.

"పోనీలెండి అత్తయ్యా, చూద్దాం," అంది కోడలు, మడత పెట్టిన చీరల కిందకి ఒక కాయితాన్ని ఇంకాస్త లోపలకి తోస్తూ.

ఆ కాయితం ఏమిటంటారా? ఆ పిల్ల పెళ్ళయ్యాక మానేసిన చదువుని మళ్ళీ మొదలుపెట్టి, లెక్కల కాలేజీకి పోతోంది. పంపింది అత్తగారే. పంపడమే కాదు, బొంత కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ "మా కోడలు లెక్కలు చదువుతోంది" అని చెప్పందే బేరం మొదలుపెట్టేది కాదు. అలాంటిది, ఆ పొద్దున్నే పరీక్ష కాయితం చేతికొచ్చింది. కాలవ గట్టున ఇరవై నాలుగు గజాల కంచెని మూడు వైపులా వేసి ఎక్కువ నేల కలుపుకోవాలంటే ఎలా, అని ఒక పెద్ద లెక్క. డెరివేటివ్ పెట్టి చెయ్యాలి. ఈ పిల్ల డెరివేటివ్ ఊసెత్తకుండా, పట్టిక గీసి, జవాబు రాసేసింది. జవాబు సరైనదే. కానీ లెక్కల మేడమ్ దానిమీద అడ్డంగా ఎర్రగీత కొట్టి, పక్కన సున్నా వేసి, కింద రెండు ముక్కలు రాసింది. "ఎలా తెలుసు?"

ఆ రెండు ముక్కలూ పొద్దుటినించీ కోడలి చెవిలో దోమలా పాడుతున్నాయి.

*

మర్నాడు కొడుకు సైకిళ్ళ షాపుకి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు, తల్లి పంచాయితీ తేల్చడానికి. తేలుస్తానన్నవాడు ఇంకాస్త పెంచాడు. ముందుగదిలో నేలమీద సుద్దతో గోడ గీశాడు, తాడుకి బదులు నూలు దారం పరిచాడు.

"అమ్మా, ఒకటి గమనించావా? గోడ పక్కన అంటే ఒక వైపు గోడే. అటు తాడు అక్కర్లేదు. ఇరవై నాలుగు మూరలూ మూడు వైపులకే."

బొంతలమ్మ కాసేపు దారాన్ని చూసింది. మొహం మెల్లగా విప్పారింది.

"ఒరే, అవును కదరా! అయితే మూడు మడతలు వేద్దాం. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. నా పాత చదరం ఆరైతే ఇది ఎనిమిది మూరల చదరం! తాళ్ళాయన నన్ను తోశాననుకున్నాడు గానీ..."

"చదరం ఎందుకు? గోడపొడుగునా పరుద్దాం. లోపలికి నాలుగు మూరలు చాలు, ముందు పదహారు మూరలు వస్తుంది. వెనకాల పడ్డావుగా, ముందు పొడుగు లేకపోతే నువ్వెవరికి కనపడతావు?"

"నాలుగు మూరల లోతులో చట్రం పెడితే నేనెక్కడ కూర్చోను? గోడమీద బల్లిలాగానా?"

"చట్రం సన్నగా చేయిద్దాం."

"సన్నగా చెయ్యడానికి అది చట్రమా, నడుమా? చదరాన్ని మించింది లేదురా. మీ తాత వేశాడు, నేను వేశాను."

"తాత గోడపక్కన వేశాడా?"

"తాతనంటావా!"

వాళ్ళిద్దరి మధ్యనా కోడలు మోకాళ్ళమీద కూర్చుని దారం కొసలు పట్టుకుని ఉంది. అత్తగారు లాగితే దారం చదరమయ్యేది, మొగుడు లాగితే పొడుగయ్యేది. ఈ పిల్ల చేతులు అటూ ఇటూ పోతున్నాయి గానీ నోట్లో మాత్రం ఏదో లెక్క తిరుగుతోంది.

"ఆగండి," అంది. ఇద్దరూ ఆగారు. ఆ పిల్ల అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "అత్తయ్యది ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. మీది నాలుగు పదహార్లు, అదీ అరవై నాలుగే. పొద్దుటినించీ ఒకే నేల కోసం కొట్టుకుంటున్నారు మీరు."

తల్లీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు.

"అంత చేటు అరిచి ఇద్దరం ఒకటే అన్నామా?" అన్నాడు కొడుకు.

"ఒకటే. ఇటు లోతు ఎనిమిదైనా, అటు నాలుగైనా సమానం. అంటే అసలు పెద్దది ఆ రెండిటికీ నట్టనడుమ ఉండాలి. ఆరు. లోపలికి ఆరు, ముందు పన్నెండు. డెబ్బై రెండు."

"ఆరా? నా పాత లోతే?" బొంతలమ్మ దారాన్ని వదిలేసింది. "నడుమ ఉన్నదే పెద్దదని ఎలా తెలుసే?"

అంతే. ఎర్ర సిరాతో ఉన్న ఆ రెండు ముక్కలే అత్తగారి నోట్లోంచి వచ్చిపడ్డాయి. కోడలు పైట కొసతో దారానికి అంటిన సుద్ద తుడుస్తూ కూర్చుంది.

"ఏమో అత్తయ్యా. అలా అనిపించింది."

"అనిపిస్తే సరిపోతుందా? గీత పడితే ఏడాది చెరగదు. నువ్వు గట్టిగా చెబితే నీ మాటే వేస్తాను. చెప్పలేకపోతే మా చదరమే."

గట్టిగా చెప్పమంటే ఎక్కడినించి తెస్తుంది? చీరల కింద సున్నా దాచుకున్నదాయె.

*

ఆ మధ్యాహ్నం ఆ పిల్ల కాలేజీలో లెక్కల మేడమ్ గది ముందు నిలబడింది. లోపలికి అడుగు పెట్టాలా వద్దా అని చెప్పు సగం విప్పి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పింది.

"విప్పితే విప్పు, లేకపోతే తొడుక్కో. చూస్తుంటే నాకు కాలు నొప్పి పుడుతోంది," అంది మేడమ్ లోపలినించి. పొట్టిగా, జుట్టు నెరిసిన మనిషి. బల్లమీద కాయితాల గుట్టల వెనకాల కళ్ళద్దాలే కనిపిస్తున్నాయి.

కోడలు కాయితం ముందు పెట్టింది. "జవాబు సరైనదే కదా మేడమ్."

"సరైనదే. అయితే?"

"సున్నా వేశారు."

"వేశాను. కూర్చో." మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుంది. "డెరివేటివ్ వాడలేదని వేశాననుకుంటున్నావా? కాదు. నీ పట్టిక చూశాను, ముచ్చటగా ఉంది. రెండు చోట్ల సమానం వచ్చింది, మధ్యలో పెద్దది ఉంది అన్నావు. బాగుంది. నువ్వు చూసింది అన్నీ నిండు అంకెలు. ఆరు చూశావు, ఏడు చూశావు. ఆరుంపావు చూశావా? ఆరున్నర? అక్కడ ఇంకో గుట్ట లేచి ఉంటే?"

"ఉండదు మేడమ్."

"అదే అడిగాను. ఎలా తెలుసు?"

కోడలు కాయితం కొస మడతపెట్టింది, విప్పింది.

"డెరివేటివ్ ఆ ఒక్క సంగతీ చెబుతుంది, వాలు ఎక్కడ ఆగిందో చూపించి. నీకు ఆ దారి నచ్చకపోతే మానేయ్. ఇది వర్గ సమాసమేగా, దానికి ఇంకో దారి ఉంది, చిన్న తరగతిలోనే చెప్పి ఉంటారు. ఆరుని విడిచి ఎటు జరిగినా ఎంత పోతుందో చూపించు. పోయేది ఎప్పుడూ ఉంటుందని చూపించు. చూపించిన రోజున వచ్చి మార్కులు పట్టుకుపో. ఇప్పుడు టీ తాగుతావా?"

తాగనంది ఆ పిల్ల. తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా ఒకటే ఆలోచన. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. మేడమ్ అడిగింది న్యాయమే. అత్తగారు అడిగిందీ అదే. ఆరుని విడిస్తే ఎంత పోతుంది? వీధిలో ఎదురొచ్చిన సైకిలుని కూడా చూసుకోలేదు. ఆ సైకిలాయన తిట్టిన తిట్టు మటుకు నేను చెప్పను.

*

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో వియ్యపురాళ్ళిద్దరూ గుడ్డముక్కల మూట విప్పి కూర్చున్నారు. అన్నీ ఒకే కొలతకి కత్తిరించిన చదరాలు, అరచేయంత. ఎర్రవి, పసుపువి, పువ్వులవి, చారలవి.

"వదినా, నీ రెండో చట్రం ఎనిమిది మూరల చదరంలో ఎలా పడుతుందో చెప్పు," అంటోంది కోడలి తల్లి. "నీ చట్రం పెట్టాక మిగిలే సందులో నన్ను కూర్చోబెడతావా?"

"నీది కాస్త కురచ చేయిస్తాలే వదినా."

"కురచ చట్రంమీద నేనేం బొమ్మలకి బొంతలు కుట్టనా? లేక నీ మొహానికి తుడుపుగుడ్డా?"

"నా మొహానికైతే పెద్దదే కావాలి, కుట్టలేవు."

కోడలు చెప్పులు గుమ్మంలో వదిలి సరాసరి వచ్చి వాళ్ళ మధ్యన కూర్చుంది. "అమ్మా, అత్తయ్యా, ఒక్క ముక్క అంటే ఒక మూర చదరం అనుకోండి. డెబ్బై రెండు ముక్కలివ్వండి నాకు."

"ఎందుకే?"

"ఇవ్వండి ముందు."

ముక్కలు నేలమీద పేర్చింది. లోపలికి ఆరు, పక్కకి పన్నెండు. పరిచాక ఆ గదే అందంగా కనిపించింది. తర్వాత అవన్నీ తీసేసి, ఆ ముక్కలతోనే లోపలికి ఏడు పేర్చింది. ఏడైతే పక్కకి పదే వస్తాయి, తాడు అంతే కాబట్టి. చేతిలో రెండు ముక్కలు మిగిలాయి. వాటిని పక్కన పడేసి, మళ్ళీ తీసి ఎనిమిది ఎనిమిదులు పేర్చింది. ఎనిమిది ముక్కలు మిగిలాయి. తొమ్మిది ఆర్లు పేర్చింది. పద్దెనిమిది మిగిలాయి.

"రెండు, ఎనిమిది, పద్దెనిమిది," అని గొణుక్కుంది. దాంట్లో ఏముందో అందడంలేదు. అటువైపు మొదలెట్టింది. ఐదు పధ్నాలుగులకి మళ్ళీ రెండు మిగిలాయి. నాలుగు పదహార్లకి మళ్ళీ ఎనిమిది.

ఆ మిగిలిన ముక్కల్ని పిల్ల ఎలా పడితే అలా పడేస్తుంటే తల్లికి చూడబుద్ధి కాలేదు. ఏళ్ళతరబడి బొంతలు కుట్టిన చేతులవి, ముక్క కనిపిస్తే సర్దకుండా ఉండలేవు. కూతురు ఆలోచిస్తున్నంతసేపూ ఆవిడ ఆ ఎనిమిదింటినీ దగ్గరకి లాగి, నాలుగు ఒక చదరంగా, నాలుగు ఇంకో చదరంగా పేర్చింది. రెండు చక్కటి బుల్లి చదరాలు, ఎర్రదొకటి, పసుపుదొకటి.

కోడలి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అమ్మా, కదపకు. ఏం చేశావు?"

"సర్దానే. తప్పా?"

"ఇందాకటి రెండూ పెట్టు."

రెండు ముక్కలు. ఒకటొకటిగా రెండు చదరాలు.

"ఇప్పుడు పద్దెనిమిది." ఈసారి కోడలే పేర్చింది. తొమ్మిది, తొమ్మిది. మూడు మూళ్ళ చదరం ఒకటి, మూడు మూళ్ళ చదరం ఇంకోటి. ఒక్క ముక్క ఎక్కువలేదు, ఒక్క ముక్క తక్కువలేదు.

"అత్తయ్యా, చూడండి! ఆరునించి ఒక మూర జరిగితే ఒక మూర చదరాలు రెండు పోతాయి. రెండు మూరలు జరిగితే రెండు మూరల చదరాలు రెండు. మూడుకి మూడువి. ఇటు జరిగినా అంతే, అటు జరిగినా అంతే. పోయేవి ఎప్పుడూ రెండు చదరాలే!"

బొంతలమ్మ ముందుకి వంగి చూసింది. ముక్కల్ని వేలితో లెక్కపెట్టుకుంది. ఆవిడ అంత సులువుగా నమ్మే మనిషి కాదు.

"సరే. ఆరున్నర అయితే?"

కోడలికి నవ్వొచ్చింది. ఆ అడిగింది అచ్చం మేడమ్ అడిగినట్టే ఉంది. "ఆరున్నర లోపలికి, పదకొండు పక్కకి. డెబ్బై ఒకటిన్నర. అర ముక్క మిగలాలి." అంటూ కత్తెర తీసుకుని ఒక పట్టుముక్కని సగానికి కోసింది.

"ఒసే ఒసే, పట్టుది! చారలది కొయ్యచ్చుగా!"

కోసిన సగాన్ని మళ్ళీ సగం చేసింది. అరమూర వైపులున్న బుల్లి చదరాలు రెండు అరచేతిలో పెట్టి అత్తగారికి చూపించింది. "ఇవిగో, ఇక్కడా రెండే. ఎంత చిన్నగా జరిగినా రెండు చదరాలు పోవాల్సిందే. అసలేమీ పోకూడదంటే జరగకూడదు. ఆరు దగ్గరే ఉండాలి."

"పోవడం కాక, ఎక్కడైనా ముక్కలు అదనంగా కావలసివస్తే? అంటే డెబ్బై రెండు కూడా చాలకపోతే?" అంది తల్లి.

"సున్నా కంటే చిన్న చదరాన్ని నువ్వెప్పుడైనా కత్తిరించావా అమ్మా?"

తల్లి ఆలోచించింది. "లేదు. మీ అత్తయ్య కుట్టిన మొదటి బొంతలో చూశాను గానీ."

బొంతలమ్మ వియ్యపురాలి వీపుమీద ఒక్కటిచ్చింది. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కోడలు లేచి, చీరల కిందనించి కాయితం తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టేసింది.

"ఇదేమిటి?"

"సున్నా."

బొంతలమ్మకి చదవడం రాదు గానీ సున్నా తెలుసు. దాన్ని కాసేపు చూసి, "బాగా గుండ్రంగా వేసింది," అని తిరిగిచ్చేసింది. "రేపు తాడు రోజు. ఆరే వేద్దాం. ఇప్పుడు ఆ పట్టుముక్క అతికి ఇవ్వు నాకు."

*

తాడు రోజు పొద్దున్న బజారంతా కడిగిన సిమెంటు వాసన. ఎక్కడివాళ్ళక్కడ తాళ్ళు మడతపెడుతున్నారు. గిన్నెలాయన వాకిలి మూలమీద తన చదరం పరిచి, తాడు కొసలు రెండూ కలిపి బిగించి ముడేసి, ఆ ముడిమీద గర్వంగా కాలుపెట్టి నిలబడ్డాడు.

గోడ దగ్గర బొంతలమ్మ, వెనకాల కొడుకూ కోడలూ, ఆ వెనకాల చట్రం కొయ్యలు మోసుకుంటూ వియ్యపురాలు.

"ఎలా మడవాలే?" అంది బొంతలమ్మ.

"మామూలుగానే అత్తయ్యా. నాలుగు మడతలు."

"నాలుగా? వైపులు మూడేగా?"

"ఒక మడత ఇటు, ఒక మడత అటు. మిగిలిన రెండూ ముందువైపుకి."

బొంతలమ్మ నాలుగు మడతలు వేసింది. ఆ మడతలు ఆవిడ చేతులకి అలవాటే. ఒక మడత గోడనించి ఇవతలకి, రెండు మడతలు సాఫీగా గోడ వెంబడి, ఇంకో మడత మళ్ళీ గోడకి. కొడుకు రెండు కొసలూ గోడకి ఆనించి రాళ్ళు పెట్టాడు. నలుగురూ వెనక్కి జరిగి చూశారు. ఎంత చోటు! బజారులో అంత చోటు ఎవరూ చూడలేదు.

చూడలేదు కాబట్టే గిన్నెలాయన ముడిమీదనించి కాలు తీసి పరిగెత్తుకొచ్చాడు.

"మోసం! తాళ్ళాయనా, ఇటు రండి! ఈవిడ తాడు కొసలు కలవలేదు. నాది చూడండి, ముడేశాను!"

జనం మూగారు. తాళ్ళాయన రంగు బక్కెట్టు కింద పెట్టి నిదానంగా వచ్చాడు. తాడు ఎత్తి మూరలు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగే. మూలలు చూశాడు. నాలుగే. ఇప్పుడు కాదంటే ఎనిమిది లేదు, నాలుగు లేదు, పరిచింది కోడలి మాటమీదే.

"కొసలు కలవాలి కదమ్మా," అన్నాడు తాళ్ళాయన.

"ఎవరన్నారు బాబూ? 'తాడు లోపలున్నది నీది' అనేగా నువ్వు ప్రతి ఏడూ అరిచేది? ముడి సంగతి ఎప్పుడైనా అరిచావా?" అంది బొంతలమ్మ. "గోడ నేనడిగానా? ఇచ్చింది నువ్వు. నవ్వుతూ ఇచ్చావు కూడాను."

ఎవరో కిసుక్కుమన్నారు. తాళ్ళాయన కొసల దగ్గర వంగి, గోడకీ తాడుకీ మధ్య వేలు పెట్టి చూశాడు. దూరలేదు. లేచి నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"ఇంతకాలం గోడ దగ్గర ఎవరూ కూర్చోలేదు, నాకూ ఈ సంగతి తట్టలేదు," అన్నాడు. "సందు లేదు. అటునించి ఎవరూ రాలేరు. లోపలంటే లోపలే. గీత వెయ్యండి."

గిన్నెలాయన అంతటితో వదల్లేదు. "అయినా తెలివి చాలలేదులే. చదరం వేసుకోవలసింది. ఎనిమిది మూరల చదరం వచ్చేది! ఇలా పొడుగ్గా పరిచి పాడుచేసుకుంది."

"అదీ నిజమే," అన్నాడు తాళ్ళాయన. "నేనైతే ఎనిమిదే వేసేవాణ్ణి. ఆరే మేలని ఎలా తెలుసమ్మా?"

బొంతలమ్మ పక్కకి జరిగి, కోడలి భుజంమీద చెయ్యివేసి ముందుకి తోసింది.

ఆ పిల్ల ఒక్క క్షణం తడబడి, సంచీలోంచి ముక్కలు తీసి నేలమీద కూర్చుంది. పేర్చింది. తీసింది. మళ్ళీ పేర్చింది. మిగిలినవాటిని రెండు చదరాలు చేసింది. తాళాలు బాగుచేసే ఆయన వంగి చూశాడు, అద్దాలు కోసే ఆయన చూశాడు. మూడోసారి పేర్చేసరికి ఆ పిల్ల చెప్పకముందే జనమే "రెండు చదరాలు!" అని అరవడం మొదలెట్టారు. చివరికి తాళ్ళాయన కూడా చతికిలబడి, "ఏదీ, పది వెయ్యి, పదికేమౌతుందో చూద్దాం," అన్నాడు. పది నాలుగులు పేరిస్తే ముప్పై రెండు మిగిలాయి. పదహారు, పదహారు. నాలుగు నాలుగుల చదరాలు రెండు. తాళ్ళాయన తన సొంత చేతులతో పేర్చుకుని, చిన్నపిల్లాడిలా అందరివైపూ చూశాడు.

తెల్లగీత పడింది. ఆ సాయంత్రానికి రెండు చట్రాలూ నిలబడ్డాయి. రెండిటి చుట్టూ మూరెడేసి జాగా. వియ్యపురాళ్ళు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చున్నారు, ఎగతాళి చేస్తే చెయ్యి అందేంత దూరంలో.

మర్నాడు కోడలు ఆ ముక్కల సంచీతోనే మేడమ్ గదిలోకి వెళ్ళింది. ఈసారి చెప్పులు ఒక్కసారే విప్పింది. మేడమ్ బల్లమీద కాయితాలన్నీ నేలమీదకి దించి, ముక్కలన్నీ తనే పేర్చి చూసింది. తర్వాత "ఇప్పుడు ఇదే అక్షరాల్లో రాయి" అంది. కోడలు రాసింది. లోతు ఎంతైనా సరే, వచ్చే నేల డెబ్బై రెండులోంచి, ఆరునించి జరిగినంత దూరానికి వర్గం రెండుసార్లు తీసేస్తే మిగిలేదే. ఒక్క వరుస. మేడమ్ సున్నా కొట్టేసి తొమ్మిది వేసింది.

"పదికి తొమ్మిదా?" అంది బొంతలమ్మ ఇంట్లో. "ఆ ఒక్కటీ ఏమైంది?"

"పరీక్షలోనే రాయనందుకట అత్తయ్యా."

"పోనీలే. మీ మేడమ్ ఓ బొంత అడిగితే దాంట్లో ఒక ముక్క తగ్గించి ఇద్దాం."

ఆవిడ నిజంగానే వచ్చి బొంత చేయించుకుంది. ముక్క తగ్గించలేదులెండి, కొంచెం పెద్దదే ఇచ్చింది బొంతలమ్మ. ఆవిడే కాదు, గోడదాకా ఎవరొస్తారని బెంగపెట్టుకున్నారా, ఆ వారంలోనే జనం వచ్చిపడ్డారు. బొంతల కోసం కొందరు, వియ్యపురాళ్ళ మాటలు వినడానికి చాలామంది.

వాకిట్లో గిన్నెలాయనకి మాత్రం తీరిక దొరికింది. రెండు వైపులా దారే కదా, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ గిన్నెలు తన్నుకుంటూ పోతున్నారు, కొనేవాళ్ళు తక్కువ. వారం తిరిగేసరికి ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని గోడ దగ్గరకి వచ్చాడు. చట్రాలని చూశాడు, పైకప్పుని చూశాడు.

"అక్కా, పాపం నీ పాత మూల నాకిచ్చారని నాకూ మనసులో ఉంది. నీకు కావాలంటే మార్చేసుకుందాం. తాళ్ళాయనతో నేను మాట్లాడతాను."

బొంతలమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటోంది. ఎక్కించి, ముడేసి, కొస కొరికి, అప్పుడు తలెత్తింది. ఒక చట్రం చుట్టూ ఉన్న చోటుని వేలితో చూపించింది.

"తమ్ముడూ, చూశావా? ఆరు మూరలూ ఆరు మూరలూ. ఇది నా పాత చోటు." వేలు పక్క చట్రంమీదకి తిప్పింది. "అదిగో, అది మళ్ళీ నా పాత చోటే. రెండిచ్చి ఒకటి తీసుకోమంటావా?"

గిన్నెలాయన రెండింటినీ చూశాడు. కోడలు కూడా చూసింది. అన్ని ముక్కలు పేర్చింది, అన్ని వర్గాలు రాసింది, ఈ సంగతి మాత్రం దాని కంటపడలేదు. తాడు అంతే, మడతలు అవే నాలుగు, గోడ ఆనుకున్న పాపానికి చోటు రెండింతలయింది.

"కూర్చో తమ్ముడూ," అంది వియ్యపురాలు, తన చట్రం పక్కన జాగా చూపిస్తూ. "జాగా ఉంది మాకు."

ఆయన కూర్చున్నాడు. కాసేపటికి నెమ్మదిగా అడిగాడు. "వచ్చే ఏడు గోడ పక్కన ఇంకా ఖాళీ ఉంటుందంటావా అక్కా? ఆ మడత ఎలా వెయ్యాలో ఒకసారి చూపించు."

చూపించింది బొంతలమ్మ. ఆయన భుజంమీద తుండుగుడ్డతోనే. ఒక మడత ఇటు, ఒక మడత అటు, రెండు ముందుకి.

అంతే కథ. మీరు లేచి పోయేముందు ఒక్క మాట. ఇది ఇక్కడే వదిలేసి పోకండి, ఇంకొకళ్ళకి చెప్పండి. చెప్పేటప్పుడు ఉత్తచేతులతో చెప్పొద్దు. పక్కన డెబ్బై రెండు గుడ్డముక్కలు పెట్టుకోండి, గుడ్డ లేకపోతే గింజలైనా సరే. మిగిలినవి మీరు సర్దకండి, వినేవాళ్ళ చేత సర్దించండి. "రెండు చదరాలు!" అని వాళ్ళు అరిచిందాకా ఆగండి. మధ్యలో ఎవరైనా "ఎలా తెలుసు?" అని అడిగారనుకోండి, వాళ్ళని దగ్గరకి పిలిచి ముందువరసలో కూర్చోబెట్టుకోండి.